పెళ్ళికి బౌన్సర్లను ఆన్‌లైన్‌లో బుక్ చేస్తానంటున్నాడు మావాడు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళం. వచ్చే మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి. ముహూర్తం రాత్రి రెండు గంటలు దాటాక. మండపం ఊళ్ళోనే గానీ మా ఇంటికి దూరం. మగపెళ్ళివారు పార్వతీపురం నుంచి వస్తున్నారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఫోన్‌లో ఏదో యాప్ చూసి, రెండు రోజులకు నలుగురు బౌన్సర్లను, ఒక గన్‌మ్యాన్‌ను బుక్ చేస్తానంటున్నాడు. సగం డబ్బు ముందే కట్టాలట. ‘ముక్కూ మొహం తెలియని వాళ్ళను పిలిచి మరీ బంగారం చూపిస్తావా’ అని మావారు గొడవ. ఇద్దరి మధ్యా నాకు టెన్షన్. ఆన్‌లైన్‌లో వచ్చే గార్డులను నమ్మవచ్చా? పెళ్ళి రాత్రి తాళం వేసి ఉండే ఇంటి దగ్గర కూడా ఒకరిని పెట్టవచ్చా? ఏదైనా పోతే ఎవరిని అడగాలి?
– ఒక తల్లి, రాయగడ

జవాబు: అమ్మా, ముందు ఆ అడ్వాన్సు కట్టడం ఆపించండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

గార్డులను గంటల లెక్కన, రోజుల లెక్కన ఫోన్‌లో పిలిపించుకోవడం ఇప్పుడు వింతేమీ కాదు. అమెరికాలో న్యూయార్క్, లాస్ ఏంజెలిస్ నగరాల్లో 2025లో ‘ప్రొటెక్టర్’ అనే యాప్ వచ్చింది. కారు పిలిచినట్టే తుపాకీ ఉన్న బాడీగార్డును పిలుచుకోవచ్చు. మన పెద్ద నగరాల్లోనూ పెళ్ళిళ్ళకు, షాపు ఓపెనింగులకు ఆన్‌లైన్‌లో గార్డులు దొరుకుతున్నారు. బెంగళూరులో ఉండేవాడికి అది మామూలుగానే కనిపిస్తుంది. అక్కడ నడిచినట్టే రాయగడలోనూ నడుస్తుందని అనుకోవడం దగ్గరే చిక్కు.

ఇలాంటి సర్వీసుల్లో చాలావాటికి సొంత గార్డులు ఉండరు. మీ ఆర్డరు తీసుకుని ఏదో ఒక ఏజెన్సీకి అప్పగిస్తాయి, మధ్యలో కమిషన్ ఉంచుకుంటాయి. నగరంలో అయితే చేతిలో పది ఏజెన్సీలు ఉంటాయి కాబట్టి పని జరిగిపోతుంది. రాయగడ పిన్‌కోడ్ కొట్టగానే ‘సర్వీసు ఉంది’ అని తెర మీద చూపించడం తేలికే. ఫోన్లు తిప్పడం ఆ తర్వాత మొదలవుతుంది: విశాఖలో ఒకరికి, భువనేశ్వర్‌లో ఒకరికి, వాళ్ళు మరొకరికి. చివరికి మీ గుమ్మం ముందు నిలబడేది ఎవరో పెళ్ళి ముందురోజు దాకా మీకూ తెలియదు, యాప్‌వాళ్ళకూ తెలియదు. అందుకని యాప్‌కు ఎన్ని స్టార్లు ఉన్నాయన్నది పక్కన పెట్టండి. వచ్చే మనిషి ఏ ఏజెన్సీ జీతం మీద ఉన్నాడు, బిల్లు ఎవరి పేరుతో వస్తుంది, ఈ రెండూ తేలితే సగం గొడవ తీరినట్టే.

ఏజెన్సీ పేరు తెలిశాక అడగవలసిన మొదటి కాగితం లైసెన్సు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీలకు 2005లో ఒక కేంద్ర చట్టం వచ్చింది. ఈ రంగంలో వాళ్ళు దాన్ని ‘పసారా’ అంటారు. దాని ప్రకారం లైసెన్సు లేకుండా గార్డులను సరఫరా చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 25,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర హోం శాఖ అధికారి. అంటే ఏ రాష్ట్రం లైసెన్సు ఆ రాష్ట్రానికే. సరిహద్దులో ఉండేవాళ్ళం మనం దీన్ని పట్టించుకోం. పార్వతీపురం వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేస్తాం, వైద్యానికి విశాఖ వెళతాం, సంబంధాలు అటే కలుపుకుంటాం. విశాఖ ఏజెన్సీ మేనేజరు ఫోన్‌లో తెలుగులో ‘మనవాళ్ళేనండీ’ అంటే మనసు మెత్తబడుతుంది కూడా. కానీ అతని దగ్గర ఆంధ్ర లైసెన్సు ఒక్కటే ఉంటే రాయగడలో గార్డును నిలబెట్టడానికి అది చెల్లదు. రేపు ఏదైనా జరిగితే పోలీసులు మొదట అడిగేది అదే.

ఒడిశా లైసెన్సు ఉందన్నా అక్కడితో ఆగకండి. ఒక జిల్లాకు, ఐదు జిల్లాల దాకా, రాష్ట్రమంతటికీ అని మూడు రకాలుగా లైసెన్సు తీసుకోవచ్చు. చట్టంలో ఫీజులు వరుసగా 5,000, 10,000, 25,000 రూపాయలు. భువనేశ్వర్ ఉన్న ఖుర్దా జిల్లా ఒక్కదానికే తీసుకున్నవాళ్ళు రాయగడకు పనికిరారు. లైసెన్సు కాపీ వాట్సాప్‌లో తెప్పించుకుని అందులో మూడు చూడండి: ఏజెన్సీ పేరు, జిల్లాలు, గడువు. లైసెన్సు ఐదేళ్ళకు ఇస్తారు, కాబట్టి తేదీ దాటిపోయిన పాత కాపీ కూడా పంపుతారు. జాగ్రత్త.

మనిషి విషయానికి వస్తే, గార్డుకు 18 నుంచి 65 ఏళ్ళ మధ్య వయసు ఉండాలి, నడవడిక గురించి విచారణ జరిగి ఉండాలి, శిక్షణ పూర్తయి ఉండాలి. కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో ఆ శిక్షణ కనీసం 20 పనిరోజులు: తరగతిలో 100 గంటలు, బయట 60 గంటలు. మాజీ సైనికులకు, పోలీసు శాఖలో పనిచేసినవాళ్ళకు తక్కువ సరిపోతుంది. ఏజెన్సీ ఇచ్చిన ఫొటో గుర్తింపు కార్డు ప్రతి గార్డు దగ్గరా ఉండాలి. యూనిఫాం మీద ఏజెన్సీ బ్యాడ్జీ, జేబులో విజిల్ కూడా ఆ నిబంధనల్లో ఉన్నవే. సైన్యం బట్టల్లాంటివో పోలీసు ఖాకీలాంటివో వేసుకొస్తే అది విడిగా ఇంకో నేరం. శిక్షణ సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఫొటోలు వారం ముందే పంపమనండి. పెళ్ళి కోసమని జిమ్ నుంచి పట్టుకొచ్చిన కుర్రాడి దగ్గర అవి ఉండవు.

దాంతో బౌన్సర్ల సంగతికి వచ్చాం. చట్టం దృష్టిలో ఏజెన్సీ పంపే బౌన్సరైనా సెక్యూరిటీ గార్డే. నల్ల టీషర్టు వేసుకున్నంత మాత్రాన అతనికి అదనంగా ఏ అధికారమూ రాదు. మీ బంధువు సంచి తెరిచి చూడమని బలవంతం చేయలేడు, ఎవరినీ కొట్టలేడు. తన కళ్ళెదుట దొంగతనంలాంటి పెద్ద నేరం చేస్తూ దొరికినవాణ్ణి పట్టుకోవచ్చు. మీరూ నేనూ కూడా పట్టుకోవచ్చు. అయితే వెంటనే, ఎంత ఆలస్యమైనా ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే కొత్త చట్టంలో (అరెస్టులు, కేసులు ఎలా నడవాలో చెప్పేది) 40వ సెక్షన్ అది. గదిలో పెట్టి ‘నిజం చెప్పించడం’ మొదలుపెడితే కేసు మీ మీదకే తిరుగుతుంది.

నా అభిప్రాయం అడిగితే నలుగురు బౌన్సర్లు మీ పెళ్ళికి దండగ. సినిమావాళ్ళు వచ్చే చోట, తాగి తూలేవాళ్ళను బయటికి పంపాల్సిన చోట వాళ్ళ అవసరం ఉంటుంది. మీ మండపం గుమ్మంలో కండలు బిగించి నిలబెడితే మగపెళ్ళివారి పెద్దాయన ఎవరినో ‘ఎవరండీ మీరు’ అని ఆపుతారు. ఆ మాట పదేళ్ళు మోయాల్సింది మీ అమ్మాయి.

గన్‌మ్యాన్ అసలే వద్దు. తుపాకీ లైసెన్సు ఫలానా వ్యక్తి పేరుతో, ఫలానా ప్రాంతం వరకు అని ఉంటుంది. అవతలి రాష్ట్రం నుంచి వచ్చే మనిషి లైసెన్సు ఒడిశాలో చెల్లుతుందో లేదో పెళ్ళి హడావిడిలో మీరు చూసుకోలేరు. పైగా పిల్లలు, డప్పులు, టపాకాయలు, కాస్త మందు వేసుకున్న బావమరుదులు ఉన్న చోట తుపాకీ ఉండటమే ప్రమాదం. ఊరేగింపులో ఎవరో సరదా పడి పేల్చమంటే, అలాంటి కాల్పులకు రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి మరీ పెట్టారు. మీ అబ్బాయికి ఈ ఒక్క పేరా చదివి వినిపించండి.

ఇక పెళ్ళిళ్ళలో వస్తువులు నిజంగా పోయేది ఎక్కడో చూద్దాం. తలుపులు బద్దలు కొట్టి ఎవరూ రారు. మంచి బట్టలు వేసుకుని, భోజనాలు చేసి, మన మధ్యే తిరుగుతారు. ఆడపెళ్ళివారి తరఫేమో అని మగపెళ్ళివారు అనుకుంటారు, మగపెళ్ళివారి తరఫేమో అని మీరు అనుకుంటారు. అక్షింతలు వేయడానికి స్టేజీ ఎక్కుతూ పిన్నిగారు కుర్చీలో పెట్టిన హ్యాండ్‌బ్యాగు, చదివింపుల కవర్లు వేసిన సంచి, పెళ్ళికూతురు చీర మార్చుకునే గది – పోయేది ఈ మూడు చోట్లే. చిన్న పిల్లల్ని పంపి సంచి తెప్పించుకునేవాళ్ళూ ఉన్నారు. ఇదంతా గార్డు ఒక్కడు పట్టుకోలేడు. ఎవరు చుట్టమో ఎవరు కాదో అతనికేం తెలుసు?

కాబట్టి నేనైతే ఇద్దరినే పెట్టుకుంటాను. ఒక మహిళా గార్డు పెళ్ళికూతురి గది దగ్గర. అక్కడ మగవాణ్ణి పెడితే లోపలికి తొంగి చూడలేడు, ఆడవాళ్ళను ఆపలేడు. మన ఊళ్ళలో మహిళా గార్డులు తక్కువమందే ఉంటారు, ముహూర్తాలు ఒక్కసారే వస్తాయి, అందుకని ముందే చెప్పి ఉంచండి. రెండో గార్డు మండపం ద్వారం దగ్గర. అతని పక్కన మీ తమ్ముడో మరిదో ఒకరు, పెళ్ళికొడుకు తరఫున మేనమామ వరస ఒకరు వంతులవారీగా కూర్చోవాలి. ఇద్దరికీ తెలియని మొహం వస్తే నవ్వుతూ ‘ఏ ఊరు నుంచండీ’ అని పలకరిస్తే చాలు. నిజమైన చుట్టం అరగంట వరసలు చెబుతాడు. మరొకడైతే మెల్లగా జారుకుంటాడు. చదివింపుల సంచి మాత్రం గార్డు చేతికి ఇవ్వకండి. అది ఇంటి మనిషి ఒడిలోనే ఉండాలి, లెక్క రాసే పుస్తకం ఇంకొకరి చేతిలో. ద్వారం దగ్గర ఉండేవాడికి తెలుగు, ఒడియా రెండూ వచ్చి ఉండాలని ఏజెన్సీకి ముందే చెప్పండి. హిందీ ఒక్కటే వచ్చిన మనిషి మన ముసలివాళ్ళతో వేగలేడు.

బంగారానికి అసలు కాపలా బ్యాంకు లాకరే. ముహూర్తానికి అమ్మాయి ఒంటి మీద ఉండేవి మాత్రమే బయటికి తీయండి. ముహూర్తం ఆదివారమైతే, అంతకుముందు రోజు రెండో శనివారమో నాలుగో శనివారమో అయిందంటే బ్యాంకు తెరవరు. ఇప్పుడే క్యాలెండరు చూసుకోండి. తీసిన నాటి నుంచి మళ్ళీ పెట్టే దాకా ఎన్ని రాత్రులు ఇంట్లో ఉంటుందో, నిజానికి మీకు కాపలా కావలసింది ఆ రాత్రులకే. అయితే లాకరు కూడా పూర్తి బీమా కాదు. 2022 జనవరి నుంచి అమలవుతున్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అగ్నిప్రమాదం, దొంగతనం, బ్యాంకు ఉద్యోగి మోసం లాంటివి జరిగితే బ్యాంకు ఇచ్చేది లాకరు ఏడాది అద్దెకు వంద రెట్ల దాకానే. అద్దె 2,000 అయితే రెండు లక్షలు. నగలకు ఇంటి బీమా ఉంటే, మండపంలో ఒంటి మీద ఉన్నప్పుడు కూడా వర్తిస్తుందా అని ఏజెంటును అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. ప్రతి నగ ఫొటో, తూకం, కొన్న బిల్లు ఒక కవరులో పెట్టండి. రేపు పోలీసు స్టేషన్‌లో ‘సుమారు పది తులాలుంటుందండీ’ అని చెప్పే అవస్థ ఉండదు.

తాళం వేసిన ఇంటికి గార్డును పెట్టవచ్చా అన్నారు. ఇక్కడ మాత్రం నా ఓటు మీవారికే. ఏ రాత్రి మీ ఇల్లు ఖాళీగా ఉంటుందో శుభలేఖే ఊరంతటికీ చెప్పేస్తుంది. దానికి తోడు ఎవరో తెలియని మనిషిని ఒంటరిగా ఆ గుమ్మంలో కూర్చోబెట్టడం మంచిది కాదు. ఇంట్లో ఒకరు ఉండాలి. రాత్రి ముహూర్తానికి మేలుకోలేని పెద్దవాళ్ళు ఎవరో ఒకరు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్ళకు తోడుగా మీరు ఏళ్ళ తరబడి ఎరిగిన మనిషిని – పాలు పోసే అతనో, మీ దుకాణంలో పనిచేసే అతనో – లోపల పడుకోబెట్టండి. గార్డు కావాలంటే గేటు బయట ఉంటాడు. తాళంచెవులు, ఏ బీరువా ఎక్కడుంది, సారె సామాను ఏ గదిలో ఉంది అనేవి అతనికి తెలియనక్కర్లేదు. పెళ్ళి తేదీ, ఇంటి చిరునామా రాసి మీ టౌన్ పోలీసు స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి రండి. రాత్రి తిరిగే పోలీసులు అటువైపు ఒక చూపు వేస్తారు. అవసరమైతే 112 ఎలాగూ ఉంది.

ఏదైనా పోతే ఎవరిని అడగాలన్నది మీ అసలు ప్రశ్న. మొదట పోలీసు ఫిర్యాదు. సరిహద్దు పెళ్ళిళ్ళలో ఒక ఇబ్బంది ఉంది. వస్తువు పోయిందని అమ్మాయి అత్తారింటికి చేరాక తెలుస్తుంది. అప్పుడు ‘రాయగడ వెళ్ళి ఇవ్వండి’ అని పార్వతీపురంలో, ‘అక్కడ పోయిందేమో చూసుకోండి’ అని రాయగడలో తిప్పే వీలు లేదు. పైన చెప్పిన నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం చేయాలి.

ఏజెన్సీ మీదా, యాప్ మీదా డబ్బు కోసం పోరాడేది వినియోగదారుల చట్టం కింద. గార్డు రాకపోయినా, చెప్పినవాడు కాక మరొకడు వచ్చినా, డ్యూటీ వదిలేసి వెళ్ళిపోయినా అది సేవా లోపమే. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం యాప్ మీకు ఆ ఏజెన్సీ పేరు, చిరునామా చెప్పి తీరాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే బెంగళూరు పోనక్కర్లేదు. 2019 చట్టం మీరు ఉన్న చోటే కేసు వేసుకోనిస్తుంది కాబట్టి రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, రెండేళ్ళలోపు. మీరు కట్టిన మొత్తం ఐదు లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు కూడా లేదు. కానీ దీనికంతటికీ బిల్లు కావాలి. ఎవరో ‘కో-ఆర్డినేటర్’ సొంత నంబరుకు యూపీఐలో అడ్వాన్సు పంపితే చేతిలో మిగిలేది స్క్రీన్‌షాట్ మాత్రమే. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని బిల్లు వద్దనుకోకండి. డబ్బు పంపాక నంబరు పలకడం మానేస్తే ఆ రోజే 1930కి ఫోన్ చేయాలి. సైబర్ మోసాలకు అదే నంబరు, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఒప్పందంలో షిఫ్టు ఎన్ని గంటలో తప్పకుండా రాయించండి. తక్కువ ధర చెప్పే ఏజెన్సీ ఒకే మనిషిని ఉదయం నుంచి మర్నాడు తెల్లవారుజాము దాకా నిలబెడుతుంది. రాత్రి రెండింటికి, సరిగ్గా మీ ముహూర్తం వేళకు, అతను కునుకు తీస్తాడు. తప్పు అతనిది కాదు. ఎనిమిది గంటలకోసారి మనిషి మారాలి, మారేవాడి కార్డు కూడా మీకు ముందే రావాలి. మీరు యాప్‌కు కట్టేదాంట్లో ఆ మనిషి చేతికి వెళ్ళేది ఎంతో చూస్తే మనకే బాధ కలుగుతుంది. ఒక కుర్చీ, మంచినీళ్ళు, చలికి ఒక దుప్పటి ఇవ్వండి. భోజనం వంతుల చివర్లో మిగిలింది కాకుండా మొదటి బంతికే పంపండి.

ఇప్పుడు మీ అబ్బాయి చేత యాప్‌వాళ్ళకు ఈ మెసేజ్ పెట్టించండి: ‘రాయగడకు పంపే ఏజెన్సీ పేరు, రాయగడ జిల్లా ఉన్న ఒడిశా లైసెన్సు కాపీ, వచ్చే గార్డుల గుర్తింపు కార్డులు, శిక్షణ సర్టిఫికెట్లు, రద్దు చేస్తే డబ్బు వాపసు షరతులు, ప్రయాణం, బస ఖర్చులతో కలిపి మొత్తం ఎంతో పంపండి. అవి చూశాకే అడ్వాన్సు.’ అన్నీ పంపితే నిశ్చింతగా బుక్ చేయనివ్వండి. ‘ముందు టోకెన్ కట్టండి సార్, తర్వాత పంపుతాం’ అంటే వదిలేయమనండి. మీ ఊళ్ళో బ్యాంకులకు, ఆసుపత్రులకు, జేకేపూర్ పేపరు మిల్లు వైపు, తేరుబలి ఫ్యాక్టరీ వైపు ఏ ఏజెన్సీల గార్డులు ఉన్నారో మీవారిని ఒక పూట తిరిగి కనుక్కోమనండి. ఇవే కాగితాలు వాళ్ళనూ అడగాలి. కాకపోతే వాళ్ళ ఆఫీసు ఎక్కడుందో మీకు తెలుస్తుంది, అవసరమైతే వెళ్ళి తలుపు తట్టవచ్చు.